పెద్ద జంతువుల వేటకు తగిన రైఫిల్ తూటాను ఎంచుకోవడం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం కనుక, విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండలో దుప్పి కనబడితే చూసి రావలసిందే. ఈ వివరాలు స్వీడన్, దక్షిణాఫ్రికా వంటి దేశాల్లో స్థిరపడి, అక్కడి లైసెన్సుతో వేటకు వెళ్లే మనవారి కోసం.

చాలామంది తూటా వ్యాసాన్ని చూసి మోసపోతారు. చూడవలసింది బుల్లెట్ (తూటా పేలినప్పుడు దాని ముందు భాగం నుంచి దూసుకుపోయే లోహపు ముక్క) బరువు, జంతువును తాకే దూరంలో దానికి మిగిలే శక్తి, అన్నిటికన్నా ముఖ్యంగా దాని నిర్మాణం. మెత్తని బుల్లెట్ భుజపుటెముకకు తగిలి చితికిపోతే ఊపిరితిత్తుల దాకా చేరదు, జంతువు గాయంతో అడవిలో విలవిల్లాడుతుంది. స్వీడన్‌లో మూస్ (దుప్పి కుటుంబానికి చెందిన భారీ జంతువు) వేటకు 10 గ్రాముల బుల్లెట్ 100 మీటర్ల వద్ద కనీసం 2000 జౌళ్ల శక్తితో ఉండాలి. 1906 నాటి థర్టీ ఆట్ సిక్స్ అనే తూటాలో 180 గ్రెయిన్ల, అంటే సుమారు 11.7 గ్రాముల, గట్టి బుల్లెట్ ఇందుకు ధారాళంగా సరిపోతుంది.

ఆఫ్రికా అడవిదున్నకు మాత్రం అది చాలదు. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ తూటా 9 సెంటీమీటర్ల పొడవుతో అరచేతిని నింపుతుంది. పేలినప్పుడు తుపాకీ భుజానికిచ్చే తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకునేవారు ఆ వేటకే వెళ్లకూడదని నా అభిప్రాయం.

బ్యారెల్ మీద చెక్కిన పేరూ, తూటా అడుగున ఉన్న ముద్రా సరిచూసుకొని, వేటలో వాడబోయే రకం తూటాలతోనే గురి సరిచేసుకోవాలి.