ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి ఇవి చూడండి: డెస్క్‌టాప్ సమస్యలు, పరిష్కారాలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఏ ఊళ్లోనైనా కంప్యూటర్ మొరాయిస్తే ముందు వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దామండి". ఆ మాట వింటే నాకు గుండె గుభేలుమంటుంది. ఫార్మాట్‌తో పోయేది విండోస్ ఒక్కటే కాదు. రొయ్యల చెరువు మేత లెక్కలు, కొబ్బరి కొట్టు పద్దులు, అమ్మాయి పెళ్లి ఫొటోలు కూడా పోతాయి. పైగా చాలాసార్లు జబ్బు విండోస్‌లో ఉండదు. ఫార్మాట్ చేసిన వారానికి అదే సమస్య మళ్లీ వస్తుంది. అందుకే లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోవడం ఎలాగో రాస్తున్నాను. విండోస్ 10, 11 రెండింటికీ ఇవి పనికొస్తాయి.

ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రావట్లేదు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకుండా ఐదు నిమిషాలు ఆగి, అందులో డిస్క్ అన్న గడి చూడండి. 100 శాతం దగ్గరే నిలబడిపోయి, పక్కనున్న సీపీయూ గడి పది, ఇరవై శాతంలో ఉంటే అడ్డం హార్డ్ డిస్క్ దగ్గరే ఉంది. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్ ఇప్పటి విండోస్ వేగాన్ని అందుకోలేదు.

ముందు డబ్బు ఖర్చు లేని పని చేయండి. అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్తే, కంప్యూటర్ లేవగానే మనం అడక్కుండానే లేచే ప్రోగ్రాములన్నీ కనిపిస్తాయి. ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, ఎప్పుడో వేసిన వీడియో కాల్ యాప్, టొరెంట్ లాంటివి డిసేబుల్ చేయండి. యాంటీ వైరస్ జోలికి మాత్రం వెళ్లకండి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రాం పోదు, అవసరమైనప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

అప్పటికీ తేడా లేకపోతే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్) వేయించండి. ర్యామ్ (మెమరీ) పెంచమని చాలామంది చెబుతారు గానీ, డిస్క్ గడి 100 దగ్గరుండి మెమరీ గడి సగంలోనే ఉంటే ర్యామ్ మీద పెట్టిన డబ్బు వృథా. 256 జీబీ ఎస్ఎస్‌డీలో విండోస్ ఉంచి, పాత డిస్క్‌ను ఫొటోలకు వాడుకోవచ్చు. ఫార్మాట్ కాదు, పాత డిస్క్‌ను క్లోన్ చేసి ఇవ్వమని అడగండి. అప్పుడు ప్రోగ్రాములు, ఫాంట్లు, పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టే కొత్తదానిలోకి వస్తాయి. పాత డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం ఇంకేమీ చేయకుండా ముందు డేటా కాపీ చేయండి.

పొద్దున్న బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి నత్తనడక

ఇది రైస్ మిల్లుల ఆఫీసుల్లో, మిల్లు పక్కనున్న ఇళ్లల్లో ఎక్కువగా చూశాను. గాలిలో ఉండే తవుడు, ఊక దుమ్ము సీపీయూ డబ్బాలోకి వెళ్లి ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద గడ్డకట్టుకుపోతుంది. వేడి బయటకు పోదు. వేడి బాగా పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఫ్యాన్ రొద పెరగడం, ఉన్నట్టుండి ఆగిపోవడం కూడా దీని గుర్తులే.

ప్లగ్ తీసేసి, మూత విప్పి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము వదిలించి బ్లోయర్ కొట్టండి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి. ఏళ్ల తరబడి తీయని మిషన్ అయితే ప్రాసెసర్ మీద వేడిని బయటకు లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అదీ మార్పించండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకొకటుంది. ఆన్ చేస్తే బీప్ బీప్‌మంటుంది, తెర మీద ఏమీ రాదు. ఉప్పుగాలికి, తేమకు ర్యామ్ కాళ్లకు పొర పట్టి ఉండొచ్చు. ప్లగ్ తీశాక ర్యామ్ బయటకు లాగి, ఆ పసుపుపచ్చని కాళ్లను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిక్కుమనేదాకా నొక్కండి.

తేదీ వెనక్కి వెళ్లిపోతోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదు

బ్రౌజర్ "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంటే వైరస్ అనుకుని భయపడతారు. ముందు కింద కుడి మూలన తేదీ చూడండి. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ఇన్ని రోజులని గడువుంటుంది. మన కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనకనుంటే ఆ సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ అనుకుంటుంది.

కారణం మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ దానికి పెద్దగా పనుండదు. మనమేమో వర్షాకాలం పిడుగులకు భయపడి ప్లగ్ పీకేస్తాం. పీకడం మంచిదే, మానొద్దు. అప్పుడు గడియారాన్ని నడిపేది ఆ బిళ్ల ఒక్కటే. కొన్నేళ్లకు అది అయిపోతుంది. కొత్తది వేసి, సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి టైమ్ జోన్ సరిచూసి సింక్ నౌ నొక్కండి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. బ్యాటరీ అయిపోయినా, మార్చినా బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికి రావచ్చు. డిస్క్‌తో మాట్లాడే పద్ధతి (బయోస్‌లో దీన్నే శాటా మోడ్ అంటారు) ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, ఐడీఈకో మారితే విండోస్ నీలం తెర చూపించి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. "విండోస్ పోయింది" అని ఫార్మాట్ చేసిన మిషన్లు నేను చూశాను. బయోస్‌లో శాటా మోడ్‌ను మళ్లీ పాత పద్ధతికి మారిస్తే చాలు, మామూలుగా లేస్తుంది. బ్యాటరీ మార్చే ముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

విండోస్, లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఉచిత వ్యవస్థ) రెండూ ఒకే మిషన్‌లో ఉండి టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తుంటే బ్యాటరీ మార్చకండి. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ గ్రీన్విచ్ టైమ్‌గా చదువుతుంది. లినక్స్‌లో కూడా లోకల్ టైమ్ పెట్టుకుంటే సరిపోతుంది.

తెలుగు అక్షరాలు పిచ్చి గీతలుగా వస్తున్నాయి

డీటీపీ షాపులకు, శుభలేఖలు వేసేవాళ్లకు ఇది రోజూ ఉండే టెన్షన్. గజిబిజి ఎలా ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసి కనిపిస్తుంటే అది అను లాంటి పాత ఫాంట్లతో టైప్ చేసిన ఫైలు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లిష్ గుర్తుల స్థానంలో దాచిపెడతారు. అసలు ఫాంట్ లేని మిషన్‌లో ఆ గుర్తులే బయటపడతాయి. ఫైలు పాడవలేదు, ఫాంట్ వేయండి. వాట్సాప్‌లోనో వెబ్‌లోనో పెట్టాలంటే యూనికోడ్‌లోకి (అన్ని మిషన్లకూ, ఫోన్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) మార్చే కన్వర్టర్ వాడి, ఒత్తులు ఒక్కసారి చదివి సరిచూసుకోండి.

అక్షరం విడిగా, గుణింతం, ఒత్తు విడిగా పడుతుంటే అది ప్రోగ్రాం లోపం. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కొంచెం పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్త లేయర్‌లో టైప్ చేయండి. పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ ప్రోగ్రాంకు మాత్రం యూనికోడ్ తెలుగు రాదు, దానితో కుస్తీ పట్టకండి.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటోందా? కీబోర్డు తెలుగులో ఉండిపోయి ఉండొచ్చు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి.

సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది

డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్నది చాలామందికి తెలియదు. వీడియోలు డీ డ్రైవ్‌కి మార్చండి, డౌన్‌లోడ్స్ ఖాళీ చేయండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో పాత విండోస్ ఫైళ్లు కనిపిస్తే, కొత్త వెర్షన్ నచ్చినట్టయితే తీసేయొచ్చు.

విండోస్ 11 ఎక్కనంటోంది

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, అందుకే ఈ ప్రశ్న ఎక్కువైంది. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. కొన్ని మిషన్లలో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లో ఇంటెల్‌కైతే పీటీటీ, ఏఎండీకైతే ఎఫ్‌టీపీఎం అన్నది ఆన్ చేయండి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు దాదాపు అన్నీ విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో లేవు. పిల్లల చదువుకు, నెట్‌కు మాత్రమే వాడే అలాంటి మిషన్‌లో లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. ట్యాలీ (పద్దుల సాఫ్ట్‌వేర్), అను వాడేవాళ్లు అటు వెళ్లకండి, అవి విండోస్ కోసం చేసినవి. 11 వచ్చాక స్టార్ట్ బటన్ మధ్యలో ఉందని ఇబ్బంది పడేవాళ్లు టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేసుకోవచ్చు.

నిజంగానే ఫార్మాట్ తప్పకపోతే

ట్యాలీ డేటా ఫోల్డర్, ఫాంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ పాస్‌వర్డులు బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి రెండు మూడు ఫైళ్లు చూసుకున్నాకే సరేననండి. ఆ డిస్క్‌ను సీపీయూ పక్కన నేల మీద ఉంచకండి. 2022 జూలైలో గోదావరి వరద లంక గ్రామాల్లోకి వచ్చినప్పుడు సామానుకు ఏమైందో చూశాం కదా. దాన్ని మందపాటి కవర్లో చుట్టి, భూమి కాగితాలతో పాటు పై అంతస్తులోనో, మెరక మీదున్న చుట్టాలింట్లోనో ఉంచండి.