బాధ్యతగా కొనుగోళ్లు ఎలా చేయాలి?

వస్తువు మరీ చవగ్గా దొరికిందంటే, ఆ తగ్గిన ధరను చాలాసార్లు రైతో, నేతన్నో, కార్ఖానాలో పనిచేసే పిల్లవాడో భరిస్తున్నట్టే. ఆ భారం కొంతైనా తగ్గేలా కొనడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పెద్ద కష్టమేమీ కాదు.

ముందు కూరగాయలతో మొదలుపెట్టండి, వారం వారం కొనేవి అవే కదా. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లిలో రైతుబజార్లు ఉన్నాయి. దళారులు లేకుండా రైతులు నేరుగా అమ్ముకోవాలనే 1999లో వీటిని తెచ్చారు. వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు చూడండి. ఆ ధరకే ఇస్తుంటే ఇక బేరం వద్దు. తోపుడుబండి దగ్గరైనా అంతే. ఆకుకూరల కట్టలు సాయంత్రానికి వాడిపోతాయి, అమ్మేవాళ్ల ఆ తొందర మనకు అలుసు కాకూడదు. సంచి ఇంటి నుంచే తీసుకెళ్లండి. 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులపై 2022 చివరి నుంచీ నిషేధం ఉంది.

బట్టల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పోచంపల్లి డిజైన్‌ను ప్రింటు కొట్టిన చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతుంటాయి, దాంతో మగ్గం మీద బతికేవాళ్లకు పని తగ్గిపోతుంది. అందుకే మొహమాటపడకుండా చీర మడత విప్పించి, వెనక్కి తిప్పి చూడండి. పోచంపల్లి చీరలు నేసే ఇక్కత్ పద్ధతిలో నూలుకే రబ్బరు పీలికలు బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. గళ్ల అంచుల్లో రంగు కాస్త పక్కకు పాకినట్టు ఉంటుంది. అది లోపం కాదు, చేతిపని గుర్తు. వెనకవైపు వెలిసినట్టుండి, గీతలు మరీ కొట్టొచ్చినట్టు తిన్నగా ఉంటే ప్రింటేమోనని అనుమానించాలి. చేనేత బట్టే అని తెలిపే ప్రభుత్వ గుర్తు, హ్యాండ్లూమ్ మార్క్ ఉందా అని కూడా అడగండి. వీలుంటే పోచంపల్లికే వెళ్లి నేసినవాళ్ల దగ్గర కొనడం అన్నిటికన్నా మంచిది.

లాడ్ బజార్ గాజుల సంగతి వేరు. 2015లో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో పోలీసులు తనిఖీలు చేస్తే, ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చి పనిలో పెట్టిన పిల్లలు ఎంతోమంది బయటపడ్డారు. అలాగని లక్క గాజులు కొనడం మానేస్తే, వాటి మీదే బతికే పెద్దవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది. నా మాటైతే, గాజులు కొనండి. ఎక్కడైనా పిల్లలు పనిచేస్తూ కనిపిస్తే మాత్రం చూసీచూడనట్టు వదిలేయకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఏది కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, నాసిరకం అంటగట్టినా ముందు షాపువాళ్లతో మాట్లాడండి. వినకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, 2 సంవత్సరాల్లోపు మాత్రం వేయాలి. మీరు ఊరుకుంటే, రేపు అదే సరుకు ఇంకొకరికి అంటగడతారు.

చివరగా, కొన్నది పాడయ్యాక ఏం చేయాలో కూడా చూసుకోవాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి చెత్త ఆటోకి ఇవ్వండి. పాత ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు అందులో కలపకండి. పాతబడ్డ ఎలక్ట్రానిక్ వస్తువులను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే, కాబట్టి ఎక్కడ ఇవ్వాలో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌నే అడగండి. ఇచ్చేముందు ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి, సిమ్, మెమరీ కార్డు తీసేసుకోండి.