నాన్న అకార్డ్‌కి సీటు రంగు, బానెట్ పాలిష్

నాన్న 2008లో కొన్న హోండా అకార్డ్ ఇప్పుడు నా చేతిలో ఉంది. ఎంత జాగ్రత్తగా వాడినా డ్రైవర్ సీటు కుడి అంచున రంగు పోయింది, సన్నగా పగిలింది. దిగిన ప్రతిసారీ ఒళ్ళు రాసుకునేది అక్కడే. చూసినవాళ్ళంతా "లెదర్ పోయింది, కవర్లు వేయించండి" అన్నారు. పోయింది లెదర్ కాదు, దాని మీద ఉన్న రంగు పూత.

ముందు మురికి తీయాలి. లెదర్ క్లీనర్‌ని సీటు మీద పోయకుండా మెత్తటి బ్రష్ మీద వేసుకుని, చిన్నగా గుండ్రంగా రుద్దండి. మా లేత గోధుమరంగు సీటు నుంచి గుడ్డకి నల్లటి మురికి అంటుకుంటూనే ఉంది, నాలుగు గుడ్డలు మార్చాను. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, 600 నంబర్ గరుకు కాగితంతో పగుళ్ళ మీద తేలిగ్గా రాయండి. పగుళ్ళలో లెదర్ ఫిల్లర్ పలచగా పూసి ఆరనివ్వండి. ఆ తర్వాత నీళ్ళతో కలిసే లెదర్ రంగుని స్పాంజితో అద్దుతూ మూడు నాలుగు పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. చివర్లో రక్షణ పూత. కొబ్బరినూనె మాత్రం దయచేసి రాయకండి. రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత దుమ్ము పట్టేస్తుంది, ఆ జిడ్డు మీద కొత్త రంగు నిలవదు.

ఇక పెయింట్. తిరుపతి ఎండలో బోరు నీళ్ళతో కడిగి అలాగే వదిలేస్తే తెల్లటి ఉప్పు మచ్చలు ఖాయం. నేను పొద్దున ఆరింటికి నీడలో కడిగి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి తీసేస్తాను. ఉన్న మచ్చలకి తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తుడిచి, వెంటనే కడిగేయండి.

గీతలకి పాలిష్ పనిచేస్తుంది, కానీ క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పూత, మామూలుగా 40, 50 మైక్రాన్లే ఉంటుంది, వెంట్రుక కంటే సన్నం. పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. అందుకే సర్వీసుకి ఇచ్చేటప్పుడు "రబ్బింగ్ వద్దు" అని ముందే చెప్పేస్తాను. పూత పొరలుగా లేచిపోయిన చోట ఏ పాలిషూ పనికిరాదు, ఆ భాగం వరకు మళ్ళీ పెయింట్ చేయించాల్సిందే. చిత్తూరు రోడ్డులో టిప్పర్ల వెనక తగిలిన రాళ్ళ దెబ్బలకి మాత్రం టచప్ రంగు అగ్గిపుల్ల కొనతో చుక్క పెడితే చాలు.

మా బానెట్ మీద ఎక్కువ గీతలు విజయదశమివే. ఎండిపోయిన పసుపూ కుంకుమా పొడిగుడ్డతో తుడిచేవాళ్ళం. ఇప్పుడు బొట్టు అద్దానికి పెడుతున్నాం. నాన్న ఒప్పుకోవడానికి రెండు పండగలు పట్టింది.