నకలు కత్తి అసలుకు ఎంత దగ్గర? నేను చూసే పద్ధతి

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాల (2001–2003) కత్తులను న్యూజిలాండ్‌లో వెటా వర్క్‌షాప్ తయారుచేసింది. స్టీలు కత్తులు పీటర్ లయన్ చేతి పని. దగ్గరి షాట్లకు స్టీలుది, ఫైట్లకు తేలికపాటి అల్యూమినియంది. కాబట్టి మీ నకలును దేనితో పోలుస్తున్నారో ముందే తేల్చుకోండి.

నా దగ్గర ఆ సినిమాల హీరో ఫ్రోడో కత్తి 'స్టింగ్' నకలు ఉంది. దాన్ని దూరంగా నిలబడి, జూమ్ చేసి ఎదురుగా ఫొటో తీశాను. దగ్గర నుంచి తీస్తే ఆకారం సాగిపోతుంది. ఆ ఫొటోనూ సినిమా కత్తి ఫొటోనూ పిడి పొడవు సమానమయ్యేలా సరిచేసి పక్కపక్కన పెట్టాను. తేడా వెంటనే తెలిసిపోయింది: ఆకులాంటి అలుగు (బ్లేడు) నాదాంట్లో పిడికి మరీ దగ్గరగా ఉబ్బింది.

తర్వాత భూతద్దం పట్టుకోండి. అలుగు మీద టెంగ్వార్ అనే కల్పిత లిపిలో, సిందారిన్ అనే కల్పిత భాషలో, సాలీళ్ళ పాలిట మృత్యువునని చెప్పే వాక్యం ఉంటుంది. గీతలు కలంతో రాసినట్టు సన్నం, లావు మారుతూ పోవాలి. నాదాంట్లో ఒక అక్షరం తోక సగంలో తెగిపోయింది. చాలా బాధనిపించింది. అమ్మినవాళ్ళు పంపిన ఫొటోలో అది కనబడలేదు, అందుకే ఇప్పుడు అక్షరాల క్లోజప్ అడక్కుండా డబ్బు కట్టను. మెరుపును మాత్రం అసలు లెక్కలోకి తీసుకోను.