అన్నం ముద్ద వెంట నడుస్తూ జీర్ణనాళ నియంత్రణను నేర్చుకునే విధానం

జీర్ణవ్యవస్థ పాఠంలో విద్యార్థులు తడబడేది అవయవాల పేర్ల దగ్గర కాదు, ఏ రసం ఎవరి ఆదేశంతో ఊరుతుందన్న దగ్గర. కాబట్టి హార్మోన్ల పట్టికను బట్టీ పట్టే ముందు, తెల్లకాగితంపై నోటి నుంచి పాయువు వరకు నాళాన్ని గీసుకొని, నెయ్యి వేసి కలిపిన పప్పన్నం ముద్దను దాని వెంట నడిపించండి. అది ఆగిన ప్రతిచోటా ఆదేశం నాడిదా, హార్మోనుదా అని పక్కనే రాసుకోండి.

ముందుగా గోడను గీయాలి. నాళాన్ని అడ్డంగా కోసినట్టు ఊహించి, లోపలి నుంచి శ్లేష్మస్తరం, అధఃశ్లేష్మస్తరం, కండరస్తరం, సీరస్ పొర అని నాలుగు వలయాలు గీయండి (ఆహారవాహికలో చాలా భాగానికి ఈ చివరి పొర ఉండదు). రెండో వలయంలోనూ, వలయ కండరాలకూ నిలువు కండరాలకూ మధ్యలోనూ నాడీవలలను చుక్కలతో గుర్తించండి. మెదడు చెప్పకపోయినా పేగు కదలగలిగేది ఈ వలల వల్లనే.

ఇక ముద్ద సంగతి. ఆవకాయ జాడీ మూత తీయగానే నోరూరుతుంది. ముద్ద ఇంకా కంచంలో ఉండగానే మెదడు నుంచి జీర్ణాశయానికి వెళ్లే వేగస్ నాడి ద్వారా దానికీ కబురు అందుతుంది. ముద్ద చేరాక జీర్ణాశయం సాగడం వల్ల, పప్పులోని మాంసకృత్తుల వల్ల గాస్ట్రిన్ అనే హార్మోను విడుదలై ఆమ్లం పెరుగుతుంది. ఇక్కడ నాడినీ, హార్మోనునూ రెండింటినీ రాయాలి.

ఎక్కువసేపు ఆగవలసింది చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం దగ్గర. ఆమ్లం తగలగానే అక్కడి కణాలు హార్మోనైన సెక్రిటిన్‌ను రక్తంలోకి వదులుతాయి. దానితో క్లోమం బైకార్బొనేట్ ఉన్న పలుచని రసాన్ని పంపి ఆమ్లాన్ని విరుస్తుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు కుక్క చిన్నపేగులో ఒక భాగానికి వెళ్లే నాడులను తెంచి, అందులో ఆమ్లం పోసినా క్లోమరసం ఊరడం చూశారు. కబురు రక్తం ద్వారానూ వెళ్తుందని తేలింది అలాగే.

నెయ్యి తగిలితే విడుదలయ్యేది కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను. అది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, క్లోమం నుంచి ఎంజైములను రప్పిస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. పిత్తాశయమే పైత్యరసాన్ని తయారుచేస్తుందని రాయడం పాత పొరపాటు. తయారుచేసేది కాలేయం, పిత్తాశయం దాన్ని నిల్వచేసి చిక్కబరుస్తుంది.

చివరగా బొమ్మను మూసి, వేగస్ నాడిని తెంచితే ఏది ఆగుతుందని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. వాసనకే జీర్ణాశయంలో రసం ఊరడం ఆగుతుంది, సెక్రిటిన్ విడుదల ఆగదు. నోరూరడం ఆగుతుందని రాస్తే మళ్లీ మొదటికి వెళ్లండి: లాలాజల గ్రంథులకు ఆదేశం తెచ్చేవి 7వ, 9వ కపాల నాడులు (మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులు), వేగస్ కాదు.