యూకే విజిట్ వీసా రిజెక్ట్ అయిందా? బ్యాలెన్స్ కాదు, జమలు చూడండి

యూకేలో ఉన్న భర్తనో, కాబోయే భర్తనో, ప్రేమించిన మనిషినో చూసి రావడానికి విజయవాడ, గుంటూరు నుంచి విజిట్ వీసా పెట్టినవాళ్ల ఫైళ్లు చాలా చూశాను. రిజెక్ట్ అయ్యాక వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎందుకు కొట్టేశారో తెలియట్లేదు." లెటర్ చూపించమంటే ఫోన్‌లో మొదటి పేజీ ఫొటో ఉంటుంది. కారణాలు రాసిన పేజీలు ఏజెంటు దగ్గరే ఉండిపోయాయంటారు.

ముందు ఆ లెటర్ మొత్తం తెప్పించుకోండి. మీ పేరుతో సబ్మిట్ చేసిన ఫారం పీడీఎఫ్ కూడా అడగండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని మీరే చదవాలి. మీ జీతం ఎంతని వేశారో, ఖర్చు ఎవరు పెడతారని రాశారో మీకే తెలియకపోతే తప్పు అక్కడే మొదలైంది. టైప్ చేసింది ఏజెంటే అయినా కింద డిక్లరేషన్ మీది.

లెటర్‌లో వీ 4.2 (యూకే విజిటర్ రూల్స్‌లోని ఒక నిబంధన) అని ఉండి, పక్కన బ్రాకెట్లో అక్షరాలు ఉంటాయి. (ఎ) అంటే గడువులోగా తిరిగి వెళ్తారని నమ్మకం కుదరలేదని. (సి) అంటే మీరు చెప్పిన పని కోసమే వస్తున్నారని నమ్మలేదని. (ఇ) అంటే ప్రయాణానికి సరిపడా డబ్బు మీకు ఉందని తేలలేదని.

(ఇ) ఒక్కటే ఉంటే

స్టేట్‌మెంట్‌లో ఒకేసారి పడిన పెద్ద మొత్తం ఉందేమో చూడండి. గుంటూరు వైపు ఇది తరచూ మిర్చి డబ్బు. నాన్నగారు యార్డులో పంట అమ్మి 4 లక్షలు అమ్మాయి ఖాతాలో వేస్తారు. డబ్బు నిజమైనదే. కానీ నెలకు 30 వేల జీతం పడే ఖాతాలోకి అది ఎలా వచ్చిందో ఆఫీసర్‌కు తెలిసే దారి లేదు. కమిషన్ వ్యాపారి బిల్లు, నాన్నగారి స్టేట్‌మెంట్, ఆయన రాసిచ్చిన లెటర్ జతచేయండి. అంతకంటే మేలు, డబ్బు ఆయన ఖాతాలోనే ఉంచి ఆయన్నే స్పాన్సర్‌గా చూపించడం. బంగారం తాకట్టు పెట్టి బ్యాలెన్స్ పెంచే పని మాత్రం వద్దు.

(ఎ) ఒక్కటే ఉంటే

తిరిగి రావడానికి ఇక్కడ మీకేముందో కాగితాల్లో కనబడలేదన్నమాట. సెలవు లెటర్‌లో మళ్లీ డ్యూటీలో చేరే తేదీ ఉండాలి. పట్టాదారు పాస్‌బుక్ లాంటి తెలుగు కాగితం పెడితే దానికి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి.

మూడూ కలిసి ఉంటే

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. మా పిన్ని కూతురు గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. నిశ్చితార్థం అయింది, అబ్బాయి యూకేలోని లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లికి ముందే వెళ్తోందని అటువాళ్లు ఏమనుకుంటారోనని పిన్ని భయం. "అక్కా, టూరిస్ట్ అని పెట్టేద్దాం, హోటల్ బుకింగ్ చూపిద్దాం" అంది చెల్లి. నేను సరేనన్నాను. ఖర్చు ఇంకెవరైనా పెడుతున్నారా అన్నచోట లేదు అని టిక్ పెట్టింది నా చెయ్యే.

రిజెక్ట్ అయింది. జమలకూ ఫారంలో చెప్పిన ఆదాయానికీ పొంతన లేదని లెటర్‌లో ఉంది. మేం దాన్ని బ్యాలెన్స్ తక్కువైందని అర్థం చేసుకున్నాం. ఇంకో 5 లక్షలు వేయించి మళ్లీ పెట్టబోయాం కూడా. ఆ రాత్రి స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని ఒక్కో వరుసా చదివాను. ప్రతి నెలా 5న గానీ 6న గానీ 25 వేలు, పంపింది అబ్బాయి. ఆరు నెలలు, ఆరు వరుసలు. చెల్లి జీతం 28 వేలు. హోటల్ బుకింగ్ చూస్తే అదీ అతని పేరు మీదే ఉంది.

ఆఫీసర్ వైపు నుంచి చూడండి. ఖాతాలోకి వచ్చే డబ్బులో సగానికి దగ్గరగా యూకే నుంచి ఎవరో పంపిస్తున్నారు. ఫారంలో ఆ మనిషే లేడు. ఇక ఏ మాట నమ్ముతారు? అందుకే మూడు అక్షరాలూ పడ్డాయి. అందరూ స్టేట్‌మెంట్ చివరి అంకె చూస్తారు, మధ్యలో జమలు చూడరు. నేనూ చూడలేదు, దానివల్ల చెల్లి ఫీజు పోయింది, మూడు నెలలు ఏడ్చింది.

దీనికి పరిష్కారం, సంబంధాన్ని ఉన్నది ఉన్నట్టు రాయడం. కాబోయే భర్తను చూడటానికి వెళ్లడం తప్పేమీ కాదు, విజిట్ వీసా బంధువుల్ని, స్నేహితుల్ని చూడటానికి కూడా. స్పాన్సర్ పేరు, వరస, ఎంత ఖర్చు పెడతాడో ఫారంలో వేయండి. అతని లెటర్, జీతం స్లిప్పులు, స్టేట్‌మెంట్, అద్దె అగ్రిమెంట్ తీసుకోండి. అతనికి యూకేలో ఉండే అనుమతి ఉందన్న రుజువుకు ఈ-వీసా (ఆన్‌లైన్ రికార్డు) వివరాలు కావాలి. పాత బీఆర్‌పీ (రెసిడెన్స్ పర్మిట్) కార్డుల గడువు 2024 డిసెంబరు 31తో అయిపోయింది, ఇంకా వాటి జిరాక్సులే పంపేవాళ్లు ఉన్నారు. అతను పంపిన ప్రతి జమకూ పెన్నుతో గీత పెట్టి, కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయండి. నిశ్చితార్థం ఫొటోలు రెండు మూడు, అతను ఇండియా వచ్చినప్పటి పాస్‌పోర్టు స్టాంపులు చాలు. చాట్ స్క్రీన్‌షాట్లు 200 పేజీలు ఎవరూ చదవరు.

రెండోసారి పెట్టే ముందు అబ్బాయి వాళ్లమ్మగారికి మేమే చెప్పాం. ఆవిడ ఒక్క మాటా అనలేదు, లగ్నపత్రిక కాపీ పంపారు. దాని అనువాదం, గుంటూరులో మండపానికి కట్టిన అడ్వాన్స్ రసీదు జతచేశాం. తిరిగి రావడానికి అంతకంటే గట్టి రుజువు చెల్లి దగ్గర ఇంకోటి లేదు, మొదటిసారి మేం దాచిందే అది. ఈసారి వీసా వచ్చింది.

పాత రిజెక్షన్ ఉందా అన్న ప్రశ్నకు అవునని రాసి, అప్పుడు ఏం వదిలేశారో ఒప్పుకోండి. వేరే దేశం రిజెక్షన్ అయినా సరే చెప్పాలి. అబద్ధం చెప్పారని తేలితే 10 ఏళ్ల దాకా అప్లికేషన్లు తిరస్కరించవచ్చు. పెళ్లి అక్కడే రిజిస్టర్ చేసుకోవాలనుకుంటే ఈ వీసా పనికిరాదు, దానికి మ్యారేజ్ విజిటర్ వీసా వేరే ఉంది.

మిగతావి అరుదు. ఆరు నెలల లోపు విజిట్‌కు టీబీ టెస్టు అక్కర్లేదు, ఆ టెన్షన్ వదిలేయండి. ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా ఉంటే లెటర్‌లో ఒక లైను రాస్తే చాలు.

విజిట్ వీసాకు మామూలుగా అప్పీల్ ఉండదు. మళ్లీ పెట్టడానికి ఆగాల్సిన గడువూ లేదు, ఫీజు మాత్రం మళ్లీ కట్టాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. బయోమెట్రిక్ కోసం హైదరాబాద్ బస్సెక్కే ముందు రోజు ఆ ఫారం పీడీఎఫ్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇంకోసారి పెన్నుతో చదవండి.