కాన్పు తర్వాత స్విమ్ డ్రెస్: ఎక్కడ ఇబ్బంది, ఎందుకొస్తోంది, ఏం చేయాలి

ఇంట్లో అందరూ కలిసి గోవానో, రుషికొండ వైపు ఏదో రిసార్టో బుక్ చేసేశారు, బిడ్డకి ఆరేడు నెలలు, మీ పాత కాస్ట్యూమేమో తొడలు దాటి పైకి రానంటోంది. ఇప్పుడు షాపుకెళ్ళి "పొట్ట కనపడనిది ఏదైనా ఇవ్వండి" అంటే రెండు మూడు నల్ల ఫ్రాకులు ముందు పడేస్తారు, వాటిల్లో ఏదో ఒకటి తెచ్చుకుని నీళ్ళలో దిగాక గానీ తెలీదు అసలు ఇబ్బంది పొట్ట దగ్గర కన్నా వేరే చోట్ల ఎక్కువని. అందుకే ఎక్కడ ఒత్తుతోంది, ఎక్కడ జారుతోంది, ఎక్కడ తేలుతోంది అని చోటు పట్టుకుని చూద్దాం. నా లెక్కలో ఒంటికి నప్పిన డ్రెస్ అంటే బిడ్డని ఎత్తుకుని పూల్ మెట్లు దిగేటప్పుడు ఒక్కసారి కూడా సర్దుకోవాల్సిన పని పెట్టనిది, అందం ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

సమస్య: "బాలింత నీళ్ళలో దిగడమేంటే" అని ఇంట్లో గొడవ

చల్లనీళ్ళు తగిలితే వాతం చేస్తుందని అమ్మావాళ్ళ భయం. డాక్టర్లు చూసేది వేరే, కాన్పు తర్వాత బ్లీడింగ్ ఆరు వారాల దాకా ఉండొచ్చు, అది ఆగకుండా పూల్‌లోకో సముద్రంలోకో దిగితే ఇన్ఫెక్షన్ రావొచ్చు, కుట్లు ఆరకపోయినా అంతే. కాబట్టి బ్లీడింగ్ పూర్తిగా ఆగాలి, కుట్లు మానాలి, 6 వారాల చెకప్‌లో డాక్టర్ సరే అనాలి. ఈ మూడూ అయ్యాకే కొనడం గురించి ఆలోచించండి, కుట్టు దగ్గర ఎర్రగా ఉన్నా చీము కనపడినా పూల్ సంగతి పక్కన పెట్టి ముందు హాస్పిటల్‌కి వెళ్ళండి.

సమస్య: కాటన్ లెగ్గింగ్, టీషర్ట్‌తో దిగితే పూల్ దగ్గర గార్డు ఆపేస్తున్నాడు

చాలా రిసార్టుల్లో, వాటర్ పార్కుల్లో ఇదే రూలు. కారణమేంటంటే కాటన్ నుంచి నూగు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడుతుంది. పైగా కాటన్ నీళ్ళు పీల్చేసి బరువెక్కి కిందకి సాగుతుంది, లేత రంగైతే లోపలిదంతా కనిపిస్తుంది, మనం దేనికి భయపడి టీషర్ట్ వేసుకున్నామో అదే జరుగుతుందన్నమాట. సముద్రం దగ్గర ఎవరూ అడగరు కదా అని చుడీదార్ తోనే దిగేస్తుంటారు చాలామంది, తడిసిన చుడీదారూ చున్నీ కాళ్ళకి చుట్టుకుంటే అలలో మనమే నిలబడలేం, చంకలో బిడ్డ ఉంటే ఇంక చెప్పేదేముంది.

లేబుల్ మీద నైలాన్ గానీ పాలిస్టర్ గానీ ఉండి దాంతో పాటు స్పాండెక్స్ లేదా ఎలాస్టేన్ అని ఉన్నది తీసుకోండి, మన షాపుల్లో లైక్రా అంటారే అదే. నైలాన్ మెత్తగా ఉంటుంది, పాలిస్టర్ రకాలు క్లోరిన్‌కి ఎక్కువ కాలం ఆగుతాయి, వారానికి రెండు మూడు సార్లు పూల్‌కి వెళ్ళేవాళ్ళకైతే ఈ తేడా ముఖ్యం గానీ ఒక్క ట్రిప్పుకి మెత్తగా ఉన్నదే హాయి.

సమస్య: పైన పట్టట్లేదు, కింద లూజు

పాలిచ్చే తల్లులందరికీ దాదాపు ఇదే బాధ. పొద్దున ఉన్న సైజు మధ్యాహ్నానికి ఉండదు, పాలు నిండినప్పుడు ఒక లెక్క, బిడ్డ తాగాక ఇంకో లెక్క. సింగిల్ పీస్‌లో ఛాతీకి సరిపోయేది తీసుకుంటే నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది, నడుముకి చూస్తే పైన ఊపిరాడదు. దీనికి టాంకినీ బెస్ట్, అంటే పొడుగు టాప్ వేరే, కింద షార్ట్స్ వేరే, రెండూ వేరే వేరే సైజుల్లో కొనుక్కోవచ్చు. టాయిలెట్‌కి వెళ్ళాలన్నా మొత్తం విప్పక్కర్లేదు, తడిసిన సింగిల్ పీస్ ఒంటిని వదిలి కిందకి రాదు, మళ్ళీ పైకి అసలే రాదు.

టేపుతో కొలిచేటప్పుడు బిడ్డకి పాలిచ్చే ముందు, నిండుగా ఉన్నప్పుడు కొలవండి. వైర్ ఉన్న కప్పులు వద్దు, వైర్ ఒకే చోట నొక్కుతుంటే పాలు అక్కడ ఆగిపోయి గడ్డలా కట్టి నొప్పి మొదలవ్వొచ్చు. మెడ వెనక ముడేసే రకం కూడా నేనైతే వద్దంటాను, బరువంతా మెడ మీద పడి సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, దాంతో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకి దొరికిన తాడల్లా లాగడమే పని, ఆ ముడి ఎప్పుడూడుతుందో తెలీదు. వీపు మీద అడ్డంగా దాటే వెడల్పు పట్టీలు చూడండి.

పాలివ్వడానికి వీలుగా ముందు జిప్ ఉన్నవి దొరుకుతాయి, కొనేముందు జిప్ పైకొస దగ్గర చిన్న బట్ట మడత ఉందో లేదో వేలితో తడిమి చూడండి, అది లేకపోతే బిడ్డ బుగ్గకి గీరుకుంటుంది. బీచ్‌లో జిప్ పళ్ళ మధ్య ఇసుక ఇరుక్కుంటే అది అటూ కదలదు ఇటూ కదలదు. అందుకే ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడే రాప్ మోడల్ మెడ ఇంకా సుఖం, పక్కకి లాగితే చాలు. పూల్ నుంచి వచ్చి పాలిచ్చే ముందు మంచినీళ్ళతో రొమ్ము కడుక్కోండి, క్లోరిన్, ఉప్పు, సన్‌స్క్రీన్ ఏదీ బిడ్డ నోట్లోకి పోకుండా.

పాలు కారతాయేమో అని బ్రెస్ట్ ప్యాడ్లతో నీళ్ళలోకి దిగొద్దు, అవి నీళ్ళు పీల్చి ఉబ్బిపోతాయి. దిగేముందు బిడ్డకి తాగించేయండి, చిన్న పువ్వుల ప్రింట్ వేసుకుంటే బయటకొచ్చాక మరక కూడా తెలీదు. ఇంకోటి, లోపల స్పాంజ్ కప్పులు విడిగా ఉంటే ఒక ఉతుకుకే మడతపడి ఒకటి చంక వైపు, ఒకటి మధ్యలోకి పోతాయి, కుట్టేసి ఉన్నవే నయం.

సమస్య: సిజేరియన్ కుట్టు దగ్గర ఒరుసుకుంటోంది

మామూలు బాటమ్ ఎలాస్టిక్ సరిగ్గా కుట్టు గీత మీదే కూర్చుంటుంది, అదీ కారణం. తడిగా ఉన్నప్పుడు నడుస్తుంటే ఇంకా రాసుకుంటుంది. ఇక్కడ తెలుసుకోవాల్సిందేంటంటే కుట్టు చుట్టూ చాలామందికి చాలా నెలలు మొద్దుబారినట్టే ఉంటుంది, కాబట్టి ఒరుసుకుపోయినా నొప్పి తెలీకపోవచ్చు, రూమ్‌కి రాగానే అద్దంలో ఒకసారి చూసుకోండి.

బొడ్డు పై దాకా వచ్చే హై వెయిస్ట్ బాటమ్ తీసుకోండి. లోపలి వైపు తిప్పి చూడండి, పొత్తికడుపు మీదుగా అడ్డంగా బట్ట కుట్టు లావుగా వెళ్తుంటే పక్కన పెట్టేయండి. కొత్త మచ్చకి ఎండ తగిలితే నల్లబడుతుంది కాబట్టి బట్ట కిందే ఉండాలి.

సమస్య: పొట్ట

గర్భసంచి మామూలు సైజుకి రావడానికే దాదాపు 6 వారాలు పడుతుంది, కడుపు కండరాల మధ్య ఎడం పూడటానికి నెలలు పడుతుంది. దీన్ని బట్టతో సరిచేద్దామని బిగుతైన టమ్మీ కంట్రోల్ రకాలు కొంటారు, అవి షాపులో నిలబడ్డప్పుడు బాగానే ఉంటాయి, కూర్చోగానే మాంసం పైకి తన్నుకొచ్చి పట్టీ కింద ఇంకో మడత కనిపిస్తుంది, కుట్టు మీద కూడా ఒత్తిడే. నడికట్టు కట్టుకున్నట్టే కదా అంటారు పెద్దవాళ్ళు, దాన్ని ఇంట్లో కావాలన్నప్పుడు వదులు చేసుకుంటాం, దీన్ని చేసుకోలేం. ఇంకొందరు దీనికి పూర్తి వ్యతిరేకం, రెండు సైజులు పెద్దది కొంటారు, అది నీళ్ళలో గాలి నిండి ఉబ్బుతుంది, బయటికొస్తే జారుతుంది. లైక్రా తడిస్తే ఇంకాస్త సాగుతుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడు కొంచెం పట్టినట్టే ఉండాలి.

పని చేసేది పక్కల నుంచి కుచ్చులు పెట్టిన టాప్. బట్ట ఏటవాలుగా మడతలు పడి ఉంటుంది కాబట్టి కింద ఏముందో కన్ను ఆగి చూడదు. ముందు భాగంలో రెండు పొరల లైనింగ్ ఉంటే సరిపోతుంది. రంగుల్లో బాటిల్ గ్రీన్, నేవీ, వైన్ లాంటివి నాకిష్టం, తెలుపూ లేత పసుపూ అయితే షాపులోనే చేతి మీద సాగదీసి లైటు కింద పెట్టండి, వేళ్ళు కనిపిస్తే వదిలేయండి. లేస్తున్నప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా ఉబ్బుతుంటే మాత్రం అది ఫిజియోథెరపిస్ట్‌కి చూపించాల్సిన విషయం.

సమస్య: మామగారు, బావగారు అందరూ పూల్‌లోనే ఉన్నారు, ఫ్రాకేమో పైకి తేలుతోంది

మగాళ్ళు షార్ట్స్ మీద తిరిగితే ఎవరూ ఏమీ అనరు, అది వేరే గోల. స్కర్ట్ కింద నీళ్ళూ గాలీ చేరితే గొడుగులా లేస్తుంది, విడిగా లోపల షార్ట్స్ వేసుకున్నా పైన సర్దుకుంటూనే ఉండాలి. షార్ట్స్ స్కర్ట్‌కే కుట్టేసి ఉన్నవి, ఘేర తక్కువున్నవి చూడండి. ఇంకా నిశ్చింతగా కావాలంటే మోకాలి దాకా స్విమ్ టైట్స్, పైన ఫుల్ హ్యాండ్స్ రాష్ గార్డ్, అంటే ఒంటికి పట్టి ఉండే ఈత టాప్. దాని మీద యూపీఎఫ్ 50 (బట్ట ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని ఉంటే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 2 శాతమే లోపలికొస్తాయి, గర్భంతో ఉన్నప్పుడు మొహం మీద మంగు వచ్చినవాళ్ళు పెద్ద టోపీ కూడా పెట్టుకోవాలి. తొడలు రాసుకుని మండేవాళ్ళకి కూడా టైట్సే మందు. వీటికోసం పెద్ద డిజైనర్ షాపులక్కర్లేదు, డెకాథ్లాన్‌లో నబాయిజీ పేరుతో అమ్మేవాటిల్లో చూసుకోవచ్చు.

చిన్న చిన్నవి

భుజాల దగ్గర కోసుకుపోతూ కింద కూడా లాగుతుంటే సింగిల్ పీస్ మీ మొండేనికి పొట్టిదైందన్నమాట, సైజు పెంచితే వెడల్పే ఎక్కువ పెరుగుతుంది, టూ పీస్‌కి మారండి. దగ్గినా ఎగిరినా రెండు చుక్కలు పడుతున్నాయా, కాన్పయ్యాక చాలామందికి ఉంటుంది, ముదురు రంగు వేసుకుని కీగల్ వ్యాయామాలు (మూత్రం ఆపుకునే కండరాలని బిగించి వదలడం) మొదలెట్టండి, నెలలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు. దురద మొదలైతే తడి బట్టలోనే లంచ్ దాకా కూర్చోవడం వల్ల కావచ్చు, ఇంకో జత పెట్టుకుని వెంటనే మార్చేయండి. అలల దగ్గర బాటమ్ జారుతుంటే నడుము దగ్గర లోపల నాడా ఉన్నది కావాలి.

బిడ్డకి మామూలు డైపర్ వేసి దింపితే అది నీళ్ళు తాగి కిందకి వేలాడుతుంది, స్విమ్ డైపర్ కొనండి, కానీ అది ఒంటేలుని ఆపదు, గట్టిగా వచ్చిందాన్నే కాస్త పట్టి ఉంచుతుంది, విరేచనాలుంటే బిడ్డని దింపొద్దు. 6 నెలల లోపు పిల్లల్ని నేరుగా ఎండలో పెట్టకండి.

కొనేముందు, కొన్నాక

ట్రయల్ రూమ్‌లో లోపలి బట్టల మీదే వేసుకుని ఊరికే నిలబడి చూసుకోవద్దు. గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, ముందుకి వంగి కింద పడ్డ బొమ్మ తీస్తున్నట్టు చేయండి, మీ ఆయనో అక్కో బయటుంటే బిడ్డనందుకుని ఎత్తుకోండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. చాలా చోట్ల స్విమ్‌వేర్ రిటర్న్ తీసుకోరు, కింద అంటించిన స్టిక్కర్ పీకితే అసలు తీసుకోరు, ఆన్‌లైన్‌లో అయితే ఆ షరతు చదివి ట్రిప్పుకి రెండు వారాల ముందే తెప్పించుకోండి. వాడాక మంచినీళ్ళలో జాడించి, పిండకుండా, టవల్‌లో చుట్టి ఒత్తి నీడన ఆరేయండి, వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ లైక్రా తొందరగా పాడవుతుంది.